పది నిమిషాలు మూసి ఉండాల్సిన తలుపు

ఉదయం పదిన్నరకు, కాల్షియం లేని నీళ్లలో, నాడీకణం తలుపు తెరుచుకుంది. తెరుచుకోకూడదు.

ఆ తలుపును అయాన్ ఛానెల్ అంటారు. దానికి కణం లోపలివైపు కాల్షియం తగిలితే తెరుచుకుంటుంది, లేకపోతే మూసి ఉంటుంది. పరిశోధకురాలు నాలుగేళ్లుగా చెబుతున్నది ఇదే. కాల్షియం లేనప్పుడు అది పది నిమిషాలు మూసి ఉన్నట్టు ఒక గ్రాఫ్ సాయంత్రం ఐదులోగా పంపకపోతే పత్రిక ఆమె వ్యాసాన్ని తిప్పి పంపేస్తుంది. డాక్టరేట్ ఏడాది వెనక్కి పోతుంది. ఆ రోజు చేయాల్సిన పని ప్రొఫెసర్ పొద్దున్నే మైక్రోస్కోపు పక్కనున్న బోర్డు మీద రాసి వెళ్లారు.

ఆమె కణాలుంచే పళ్లెం కడిగింది. నీళ్లు మార్చింది. ఇంకో కణం పొరలోంచి చిన్న ముక్కను, లోపలివైపు నీళ్లకు తగిలేలా, గాజు సూది కొనకు పట్టించింది. ఆరు నిమిషాలు తెర మీద గీత కదల్లేదు, అంటే తలుపు మూసే ఉంది. ఏడో నిమిషంలో ప్రొఫెసర్ వచ్చి, బోర్డు చేత్తో తుడిచి, "కంగారు పడకమ్మా, సూత్రం చూడు" అంటూ రాయడం మొదలుపెట్టారు. తలుపు తెరుచుకుంది.

ఆమె నీళ్లు తెచ్చిన అటెండర్‌ను నిలదీసింది. "నీళ్లలో ఏం కలిపావు బాబాయ్?"

"నీళ్లే కలిపానమ్మా. దొరికాను కదా అని నా మీద పడతావేం?"

రెండింటికి మళ్లీ అదే జరిగింది. ఈసారి ప్రొఫెసర్ ముఖం వెలిగింది.

"కాల్షియం లేకుండానే తెరుచుకుంటోందా? తల్లీ, ఇది కొత్త విషయం!"

"నాకు కొత్త విషయం వద్దు సార్. నా గ్రాఫ్ కావాలి."

ఆయన అప్పటికే డైరెక్టర్‌కు ఫోన్ కలిపారు. "ఐదున్నరకు రండి సార్, పుస్తకాలు తిరగరాయాలి." ఆ ఊపులో బోర్డంతా నింపి, తుడిచి, మళ్లీ నింపారు. తలుపు ఇక మూసుకోవడమే మానేసింది.

నేల తుడుస్తున్న అటెండర్ తలెత్తాడు. "నువ్వొక్కదానివే ఉంటే బుద్ధిగా ఉంటుందమ్మా. సారుని చూస్తేనే నోరు తెరుస్తోంది."

ఆమె నవ్వబోయి ఆగింది. పళ్లెం పక్కన బల్ల మీద వేలితో రుద్ది చూసింది. వేలు తెల్లబడింది. సుద్దముక్కలో ఉండేది కాల్షియమే.

"సార్, మీరు బయటికి వెళ్లండి."

"నేనా? నా ల్యాబ్‌లోంచా?"

"పది నిమిషాలు. సుద్దముక్క కూడా తీసుకెళ్లండి."

అటెండర్ బోర్డునూ బల్లనూ తడిగుడ్డతో తుడిచి, వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె కొత్త పళ్లెంతో మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో బయటినుంచి "ఒక్క చిన్న సూత్రం..." అని వినిపించింది. "వద్దు సార్" అన్నాడు అటెండర్.

నాలుగూ నలభైకి పది నిమిషాలు పూర్తయ్యాయి. గీత కదల్లేదు. నాలుగూ యాభై రెండుకు గ్రాఫ్ పత్రికకు చేరింది. ఐదున్నరకు డైరెక్టర్ వచ్చారు. ప్రొఫెసర్ అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు.