నాలుగో బ్రేకు

ఆ శుక్రవారం టెంపరరీ గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పదిన్నరకి ఆఫీసులో ఒక్క పేజీ అర్జీ ఇవ్వాలి. పదకొండుకి దాని నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఒంటిగంటకి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, "ఇంక నన్ను సూపరింటెండెంటు అనుకో" అని భార్యతో అనాలి. ఈ మూడో పని కోసం ఆయన పొద్దున్నే అద్దం ముందు రెండుసార్లు గొంతు సవరించుకుని కూడా చూసుకున్నాడు.

టెంపరరీ అనేది ఆయన పేరు కాదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. అది సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉంది, ఎవరూ వాడి పాడుచేయలేదు. నీటి సరఫరా ఆఫీసులో ఆయన మూడేళ్ళ మూడు నెలలు తాత్కాలిక గుమాస్తాగా పనిచేసి, ఆ తర్వాత పర్మినెంటయి ఇరవై తొమ్మిదేళ్ళు పూర్తి చేశాడు. ఆఫీసు జ్ఞాపకశక్తి గొప్పది కాబట్టి ఆ ఇరవై తొమ్మిదేళ్ళనీ మర్చిపోయి, మొదటి మూడేళ్ళనే గుర్తుపెట్టుకుంది. చివరికి ఆయన అత్తగారు కూడా పక్కింటివాళ్ళకి "మా టెంపరరీ అల్లుడు" అనే చెప్పేది. విన్నవాళ్ళు పాపం ఆ పిల్లకి మళ్ళీ సంబంధాలు చూస్తున్నారు కాబోలనుకునేవారు.

ఇంకో పది నెలల్లో ఆయన రిటైరవుతాడు. ఉన్నది ఒక్క సూపరింటెండెంటు ఖాళీ, దానికి ఇద్దరు పోటీ. రెండో ఆయన డైరెక్టు గారు. టెంపరరీ గారు చేరిన ఏడాదిన్నరకి నేరుగా పర్మినెంటు ఉద్యోగంలో వచ్చి కూర్చున్నాడు కాబట్టి ఆయనకి ఆ పేరు. తాత్కాలిక సర్వీసు సీనియారిటీకి లెక్కలోకి వస్తే టెంపరరీ గారు పెద్ద, రాకపోతే డైరెక్టు గారు పెద్ద. అర్జీలూ రుజువులూ ఏవైనా ఉంటే శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఇమ్మని కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరు గారు నోటీసు పెట్టించారు.

"ఈసారైనా తేలుతుందంటారా?" అంది భార్య, గొడుగు చేతికిస్తూ.

"తేలకేం? ముప్ఫై రెండేళ్ళ పైచిలుకు చాకిరీ చేశాను. ఒక్క పది నెలలు ఆ కుర్చీలో కూర్చుని దిగిపోతాను. ఎవరి సొమ్మేం పోయింది?"

మాట మామూలుగానే అన్నాడు గానీ కుడి చెప్పు ఎడమ కాలికి తొడిగాడు. ఆవిడ చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళింది. రిటైరయ్యే రోజున వీడ్కోలు సభలో "మన టెంపరరీ" అని ఎవడో మైకులో అంటాడని ఆయనకి కొంతకాలంగా ఒకటే దిగులు.

అర్జీ రాసింది ఆయన బావమరిది. అతను ఓ లాయరు దగ్గర గుమాస్తా. లాయరుకి తెలియని చట్టాలు కూడా అతనికి తెలుసు. వాటిలో కొన్ని అసలు లేవు.

"తాత్కాలిక సర్వీసు శుభ్రంగా కలుస్తుంది బావా. పరీక్ష రాసి, ఇంటర్వ్యూలో నెగ్గే చేరారుగా? మధ్యలో తెంపు లేకుండా చేశారుగా? ఇంకేం కావాలి?" అన్నాడు బావమరిది.

"తెంపులు పదమూడున్నాయిరా."

ఆ రోజుల్లో తాత్కాలికులని ఎనభై తొమ్మిది రోజులకి తీసుకునేవారు. తొంభయ్యో రోజు కూడా ఉంచితే వాడికి హక్కులేవో పుట్టుకొస్తాయని భయం. అందుకని ఆ ఒక్క రోజు కాగితం మీద ఇంటికి పంపేసి, మర్నాడు కొత్తగా చేర్చుకునేవారు. దీన్ని బ్రేకు అనేవారు. అప్పటి హెడ్డు గుమాస్తా దయగల మనిషి. "రేపు నీకు బ్రేకోయ్. పొద్దున్నే వచ్చెయ్, పని చాలా ఉంది" అని ముందురోజే చెప్పేవాడు. టెంపరరీ గారు పదమూడు బ్రేకుల్లోనూ ఆఫీసుకొచ్చి పనిచేశాడు. హాజరు పట్టీలో సంతకం ఒక్కటే పెట్టనిచ్చేవారు కాదు.

బావమరిది ఎగిరి గంతేశాడు. "అయితే తెంపే లేదు! ఆ పదమూడు రోజులూ మీరు పనిచేశారని నలుగురి చేత సంతకాలు పెట్టించండి చాలు. నే రాసిస్తా."

రాసిచ్చాడు. 'పై పదమూడు రోజులలోనూ సదరు ఉద్యోగి ఉదయం నుండి సాయంత్రం వరకు ఆఫీసులోనే యుండి పనిచేయుట మేము కళ్ళారా చూచినాము' అని. కింద తారీకులన్నీ వరసగా వేశాడు.

టెంపరరీ గారు పదిన్నరకే ఆ కాగితం పట్టుకుని బల్లబల్లకీ తిరిగాడు. టీ తాగే వేళ కావడంతో అరగంటలో పదకొండు సంతకాలు పడ్డాయి. ఆ పదకొండు మందిలో నలుగురు మాత్రమే ఆ కాలంలో ఉద్యోగంలో ఉన్నారు. మిగతా ఏడుగురూ స్నేహం కొద్దీ కళ్ళారా చూశారు. వచ్చిన కాగితాలు నమోదుచేసే ఇన్‌వర్డు అమ్మాయి ఒక్కతే కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. ఆఫీసులో ఎవరూ చేయని పని అది.

"నే పెట్టలేనండీ. ఈ నాలుగో బ్రేకు నాటికి నాకింకా పళ్ళు కూడా రాలేదు."

"నువ్వో పెద్ద హరిశ్చంద్రుడివి!" అని విసుక్కుని, టెంపరరీ గారు పదకొండింటితోనే సరిపెట్టుకుని అర్జీ లోపలికి పంపాడు.

సంగతి తెలిసి డైరెక్టు గారు ఆఫీసరు గది తలుపు తోసుకుని వెళ్ళాడు. "అన్యాయం సార్! బ్రేకు రోజున ఈయన ఆఫీసు ఛాయలక్కూడా రాలేదు. హాజరు పట్టీ చూడండి, సంతకం ఉందా? ఈ సాక్షులంతా ఉత్త టీ సాక్షులు!"

ఆఫీసరు గారు న్యాయం తెలిసిన మనిషి. అంటే, నిర్ణయం తను తీసుకోకుండా ఉండే మార్గం ఎప్పుడూ వెతుకుతారు. "అప్పటి హెడ్డు గుమాస్తా ఉన్నారా?" అని అడిగారు. ఉన్నాడు, రెండు వీధుల అవతలే. రిటైరై పంతొమ్మిదేళ్ళయింది, డెబ్భై ఏడేళ్ళు. ఇన్నేళ్ళలో ఆఫీసు నుంచి ఒక్క పిలుపూ రాని ఆ పెద్దమనిషి కబురందిన పావుగంటలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దిగిపోయాడు. టెంపరరీ గారు ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

"ఏమోయ్ టెంపరరీ, ఇంకా టెంపరరీవేనా?" అన్నాడు ఆయన ఆప్యాయంగా.

ఆఫీసరు గారు తారీకులు చదవడం మొదలుపెట్టారు. పెద్దాయన జ్ఞాపకశక్తి చూసి గదిలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. "మొదటి బ్రేకా? వచ్చాడు. కొత్త బీరువాలు దింపించాం. రెండోదా? వచ్చాడు. జ్వరంతో వచ్చాడు. మూడు? వచ్చాడు, నా చెల్లెలి పెళ్ళి శుభలేఖలు రాసిపెట్టాడు." టెంపరరీ గారికి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకి తను పనిచేశానని చెప్పే మనిషి దొరికాడు. డైరెక్టు గారి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"నాలుగోది?"

"నాలుగా? భలేవారే, అది ఎలా మర్చిపోతానండీ! మన రికార్డు గది మునిగింది ఆరోజేగా! పొద్దున్నే మోటారు వేసింది ఇతనే. నేనే వెయ్యమన్నా."

ఊరందరికీ నీళ్ళిచ్చే ఆ ఆఫీసులో ఓ రోజు డాబా మీది ట్యాంకు నిండి, పొర్లి, సాయంత్రందాకా పొర్లుతూనే ఉండి, కింద రికార్డు గదిని ముంచేసింది. నలభై మంది సర్వీసు పుస్తకాలు, వాటితోపాటు అసలు సీనియారిటీ జాబితా, ముద్దయిపోయాయి. ఈ ఆఫీసులో ఎవరు పెద్దో ఎవరు చిన్నో ఇప్పటికీ తేలకపోవడానికి అదే కారణం. అప్పట్లో విచారణ జరిపి 'ఆ సమయమున ఆఫీసులో బాధ్యులెవ్వరూ లేరు' అని మూసేశారు.

టెంపరరీ గారికి అప్పుడు వెలిగింది. పదమూడు తారీకుల్లో అదొకటని తనకే గుర్తులేదు. బావమరిదికి తెలిసే అవకాశమే లేదు. పదకొండు మంది చదవనేలేదు.

"అయ్యా, ఆ నాలుగోది తీసేద్దామండీ. ఆరోజు నేను రాలేదనుకుంటా" అన్నాడు, అర్జీ వైపు చెయ్యి చాస్తూ.

"తీసేస్తే సర్వీసుకి తెంపు పడుతుంది కదండీ. ఒక్క తెంపు పడినా తాత్కాలిక సర్వీసు మొత్తం సీనియారిటీకి రాదు. డైరెక్టు గారే పెద్దవుతారు" అన్నారు ఆఫీసరు గారు, ఎంతో సౌమ్యంగా.

ఇక్కడ డైరెక్టు గారు కాస్త నోరు మూసుకుని కూర్చుని ఉంటే కుర్చీ ఆయనదే. కానీ ప్రత్యర్థి జారిన చోట మరో తోపు తోయకుండా ఉండటం మనిషి వల్ల అయ్యే పని కాదు.

"రాకపోవడమేంటి సార్! వచ్చాడు! నేను కళ్ళారా చూశాను! మోటారు స్విచ్చి దగ్గర నిలబడ్డాడు!"

"మీరు చేరింది దాని తర్వాత ఆర్నెల్లకి కదా? ఆరోజు ఇక్కడెందుకున్నారు?" అన్నారు ఆఫీసరు గారు.

"పరీక్ష దరఖాస్తు ఫారం కోసం వచ్చానండీ. సాయంత్రం అయిదైంది. నీళ్ళు మెట్లమీంచి జలజలా కారుతున్నాయి. నా చెప్పులు కూడా తడిశాయి."

ఆఫీసరు గారు అదంతా రాసుకున్నారు. డైరెక్టు గారు ఇంకొంచెం నెమ్మదిగా చెప్పాడు, ఒక్క ముక్క కూడా తప్పిపోకూడదని.

అప్పుడు టెంపరరీ గారికి ఒళ్ళు మండింది. ముప్ఫై రెండేళ్ళలో ఆ గదిలో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

"అవునయ్యా, వేశాను! పొద్దున తొమ్మిదింటికి వేశాను. పదింటికి తనిఖీవాళ్ళు వస్తున్నారని కబురొచ్చింది. బ్రేకులో ఉన్నవాడు కనబడితే ప్రమాదమని ఇదిగో, ఈ మహానుభావుడే నన్ను వెనక తలుపులోంచి గెంటాడు. చెప్పులు కూడా చేత్తో పట్టుకుని పరిగెత్తాను. జీతం లేదు, సంతకం లేదు, మనిషినే లేను! లేని మనిషి మోటారెలా ఆపుతాడు? మర్నాడొచ్చి ఆ తడిసిన పుస్తకాలు నలభయ్యీ ఎండబెట్టి, కొత్తవి రాసింది కూడా నేనే. మీరంతా ఇవాళ ఉద్యోగులని చెప్పుకుంటున్నది నా చేతిరాత వల్ల!"

పెద్దాయన తల పైకీ కిందకీ ఆడించాడు. "నిజమే, గెంటాను. అప్పటి రూలు అది" అన్నాడు నిబ్బరంగా. రిటైరైనవాళ్ళకి మెమో ఇచ్చే వీల్లేదని ఆయనకి తెలుసు.

ఆఫీసరు గారు పెన్ను మూత పెట్టేశారు. "మీ బాధ నాకర్థమైంది" అన్నారు చివరికి. పై అధికారులు ఈ మాట అన్నాక మంచి జరిగిన దాఖలా ఏ ఫైల్లోనూ లేదు.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. 'సదరు నాలుగవ బ్రేకు దినమున సదరు ఉద్యోగి సీనియారిటీ నిమిత్తము విధులలో లేనట్లుగాను, క్రమశిక్షణ నిమిత్తము విధులలో ఉన్నట్లుగాను భావించడమైనది.' దానితో జతగా, మోటారు ఆపనందుకు సంజాయిషీ అడుగుతూ మెమో. డైరెక్టు గారికి ఇంకో మెమో, ప్రభుత్వపు ఆస్తి మునుగుతుంటే చూస్తూ ఊరుకున్నందుకూ, ఆ సంగతి ముప్ఫై ఏళ్ళు దాచినందుకూ. సంతకాలు పెట్టిన పదకొండు మందీ విచారణలో సాక్షులయ్యారు. విచారణ తేలేదాకా సాక్షులకి ప్రమోషన్లు లేవు. వాళ్ళు హడావుడిగా 'మేము సదరు కాగితము చదవలేదు' అని ఇంకో కాగితం మీద సంతకాలు పెట్టారు. దాన్నీ చదవలేదు.

మెమో చూసి బావమరిది మాత్రం మురిసిపోయాడు. "బంగారం బావా ఇది! ఆరోజు మీరు డ్యూటీలో ఉన్నారని వాళ్ళే రాసిచ్చారు. అప్పీలు పడేద్దాం!" పడేశారు. విచారణకి వచ్చే ఏడాది చివరలో తారీకు ఇచ్చారు. అంటే, టెంపరరీ గారు రిటైరై ఇంట్లో కూర్చున్న అయిదు నెలలకి.

భార్య ఆ మెమో రెండుసార్లు చదివింది. "పోనీలెండి. ఆరోజు మీరు పనిచేశారని ఒక్క కాగితమైనా వచ్చింది" అంది. ఆయన కాగితాన్ని నలగకుండా మడిచి బీరువాలో పెట్టించాడు.

ఇక ఆఫీసులో ఏ కాగితం మీదా సంతకం పెట్టని మనిషి ఒక్కతే మిగిలింది. ఆ వారాంతానికి ఇన్‌వర్డు అమ్మాయిని సూపరింటెండెంటుగా నియమించారు. ఉత్తర్వు టైపు చేసే పని, అక్షరం తప్పు పోదని, టెంపరరీ గారికే పడింది. ఆయన చేశాడు. తనే తీసుకెళ్ళి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టాడు. కుర్చీ కూడా తనే కాస్త ముందుకి జరిపాడు. ఆ చెక్క చేతుల మీద అరనిమిషం చెయ్యి ఉంచి, తీసేశాడు.

ఆ అమ్మాయి అలవాటు కొద్దీ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివి, మొహం చిట్లించింది. "ఏంటండీ, చివర్లో 'ఈ నియామకం పూర్తిగా తాత్కాలికం' అని ఉంది? రేపు ఈ సర్వీసు నా సీనియారిటీకి కలుస్తుందంటారా?"

"కలుస్తుందమ్మా, ఎందుకు కలవదు?" అన్నాడు టెంపరరీ గారు. "మోటారు జోలికి మాత్రం వెళ్ళకు."