బాబాయికి రాని తుమ్ము

ఆ ఉదయం వంటవాడు మిరియాల పొడి పొట్లం ఒకటి జేబులో వేసుకుని బయలుదేరాడు. అది వంటకి కాదు, ముక్కుకి.

ఓడ మీద ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన ఎనిమిది మందిని జలాంతర్గామికి మార్చారు. అది ప్రమాదంలో మునిగిపోతే ఎలా బయటపడాలో ముందు నేర్చుకోవాలి. నాలుగంతస్తుల ఎత్తున్న నీళ్ల ట్యాంకు అడుగు నుంచి పైకి తేలాలి. తేలుతున్నంతసేపూ ఊపిరి వదులుతూనే ఉండాలని, బిగబట్టారో ఊపిరితిత్తులు చిరుగుతాయని శిక్షకుడు మరీ మరీ చెప్పాడు. మన వంటవాడికి కోపం వస్తే నోరు మూతపడదు గానీ, భయం వేస్తే తెరుచుకోదు. పరీక్ష తప్పితే ఒడ్డున క్యాంటీన్‌కి పంపేస్తారు. "బాబాయ్, బాబాయ్" అంటూ చుట్టూ తిరిగే ఆ ఏడుగురినీ వదిలి బతకడం అతని వల్ల కాదు. జలుబు చేసినవాళ్లను మాత్రం వారం తర్వాత రమ్మంటారు. వారంలో ధైర్యం ఎక్కడినుంచైనా రాకపోతుందా అని అతని ఆశ.

డాక్టరు గది బయట గోడవైపు తిరిగి పొట్లం విప్పుతుంటే ఇంజన్ మెకానిక్ చూడనే చూశాడు. దాచలేక వంటవాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వెక్కిరిస్తాడనుకున్న మెకానిక్ అటూ ఇటూ చూసి చెయ్యి చాపాడు.

"నాకూ ఓ చిటికెడు పెట్టు బాబాయ్. రాత్రంతా కంటిమీద కునుకు లేదు."

మాట ఎలా పాకిందో గానీ, వెనకే రేడియో ఆపరేటరు వచ్చాడు. పులిలాంటివాడని పేరున్న బండోడు పిల్లిలా వచ్చి వరసలో నిలబడ్డాడు. చెయ్యి చాపినవాడికి లేదనడం వంటవాడికి చేతకాదు. అందరికీ వడ్డించాకే తను తినడం అలవాటు. ఏడుగురికీ పంచి తన వంతు చూసుకుంటే కాగితం మిగిలింది.

లోపల తుమ్ములే తుమ్ములు. ఇదేదో అంటువ్యాధని డాక్టరు హడలిపోయి ఏడుగురికీ దుప్పట్లు కప్పించాడు. చివరికి వంటవాడి ముక్కులో లైటు వేసి చూశాడు. కాగితం ఎంత పీల్చినా పాపం, అతనికి ఒక్క తుమ్మయినా రాలేదు.

"బ్రహ్మాండమైన ముక్కు. నువ్వొక్కడివే దిగు."

ట్యాంకు అడుగున వంటవాడి నోరు అనుకున్నట్టే బిగుసుకుపోయింది. తోడుగా దిగి అతన్ని పట్టుకున్న డైవరు ఊపిరి వదలమని సైగలు చేస్తున్నాడు. అంతలో ట్యాంకు గోడకున్న గాజు కిటికీ అవతల ఏడుగురూ కనిపించారు. వెచ్చగా దుప్పట్లు కప్పుకుని, కాఫీ తాగుతూ, ధైర్యం చెబుతున్నట్టు చేతులూపుతున్నారు. వంటవాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచి, మెకానిక్‌తో మొదలుపెట్టి, ఒక్కొక్కడినీ వరసగా తిడుతూ పైకి లేచాడు. ఏడోవాడి వంతు సగంలో ఉండగా తల నీటి పైకి వచ్చింది. మిగతా సగం అందరికీ స్పష్టంగా వినిపించింది.

ఇంత నిలకడగా ఊపిరి వదిలినవాణ్ణి తన సర్వీసులో చూడలేదని శిక్షకుడు చప్పట్లు కొట్టాడు. వారం తర్వాత ఆ ఏడుగురికీ ముందు దిగి చూపించాల్సింది ఇతనేనన్నాడు. ఏడుగురూ దుప్పట్లు వదిలేసి పరుగున వచ్చి అతన్ని పైకెత్తేశారు.

"నువ్వు ఒడ్డున ఉండిపోతావేమోనని మా ప్రాణాలు పోయాయి బాబాయ్," అన్నాడు మెకానిక్. వంటవాడి కోపం నీరుగారి, కళ్లు చెమర్చాయి.

అంతలో డాక్టరు వచ్చి, ఏడుగురికీ రెండు రోజులపాటు ఉప్పులేని గంజి తప్ప మరేదీ పెట్టొద్దని వంటవాడికి గట్టిగా చెప్పి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం వంటవాడు తను తిన్నాకే అందరికీ వడ్డించాడు.