డ్రాగన్ గారి ఎనిమిది అంతస్తులు

హాంకాంగ్ హార్బరు ఒడ్డున నూట ఎనిమిది అంతస్తుల భవనం జయప్రదంగా లేచి నిలబడిందని ప్రజలకు సంతోషపూర్వకంగా తెలియజేయడమైనది. కింద బజారు, ఆపైన ఆఫీసులు, వాటిపైన ఇళ్లు, అన్నిటి నెత్తినా హోటలు. నడుమ, సరిగ్గా బొడ్డు దగ్గర, ఎనిమిది అంతస్తుల మేర ఖాళీ. కొండ మీది డ్రాగన్ రోజూ హార్బరులో నీళ్లు తాగడానికి దిగే దారి అది. అడ్డుకడితే అరిష్టమని వాస్తు గురువు చెప్పాడు. చైర్మన్ యుంగ్ మారుమాట లేకుండా వదిలేశాడు. ఎంత ఉదారుడు!

అక్కడ కూల్చేసిన పాత మేడలో ఉండిన నూట అరవై మందికి మాత్రం చోటు మిగల్లేదు. వాళ్లు కొళాయి నీళ్లు తాగేవాళ్లు కనుక వాస్తుకు పట్టలేదు.

ఆ నూట అరవై మందిలో ఒకతె క్వాయ్‌ఫాన్. అరవై రెండేళ్ల మనిషి. మేడ పోయాక పెట్టెలాంటి అద్దె మంచంలో, మోకాళ్లు ముడుచుకుని పడుకునేది. భవనం లేచిన మూడేళ్లకు డ్రాగన్ దారి ఊడ్చే పని దొరికింది. మొదటి రోజే అక్కడ వెల్లకిలా పడుకుని కాళ్లు బారజాపింది. అమ్మయ్య! ఆ సుఖానికి కళ్లు చెమర్చాయి. మర్నాడు చాప వచ్చింది, తర్వాత అన్నం కుక్కరు, ఆ తర్వాత ఎర్ర దుప్పటి. మనుషులు ప్రవేశించరాదని బోర్డు ఉంది కాబట్టి ఎవరూ రాలేదు, చూడలేదు.

ఏడో నెలలో, ఆరేసిన దుప్పటి పడవలో వాళ్లకు కనిపించింది. మేనేజరు లోక్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటక్కా ఈ కాపురం? ఇది డ్రాగన్ దారి. సాయంత్రానికి ఖాళీ చెయ్యి!"

"ఎక్కడికి పొమ్మంటావు నాయనా? ఏడు నెల్లుగా ఇక్కడే ఉన్నా. మీ డ్రాగన్ ఒక్కనాడొస్తే ఒట్టు!"

లోక్ మొహం పాలిపోయింది. "మెల్లగా మాట్లాడక్కా! ఇళ్లు కొన్నవాళ్లు వింటే కొంప మునుగుతుంది."

చైర్మన్ గారే స్వయంగా విచ్చేశారు. "ఈ భవనం డ్రాగన్ కరుణాకటాక్షాల మీద నిలిచి ఉంది," అని గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీరు సరిగ్గా చూశారా?"

"చూస్తూనే ఉన్నా బాబూ. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండి చూస్తే కనపడుతుందేమో. మరి సాయంత్రానికి పొమ్మంటున్నారే!"

ఆ పూటే ఆమెను డ్రాగన్ రాకపోకల పర్యవేక్షకురాలిగా, నివాస సదుపాయంతో నియమించారు. రోజూ పుస్తకంలో రాయాలి: "వచ్చింది. తాగింది. వెళ్లింది." దుప్పటిని డ్రాగన్ తోకగా ప్రకటించారు. తొంభయ్యో అంతస్తు బ్యాంకరు మీసాలు కూడా చూశానన్నాడు. తన కిటికీ వైపు ఎందుకు రాదని పక్కింటాయన దావా వేశాడు.

క్వాయ్‌ఫాన్‌కు తానొక్కతే కాళ్లు చాపుకోవడం సిగ్గనిపించింది. ఒకరోజు పుస్తకంలో రాసింది: "నేడు డ్రాగన్ బంధుమిత్ర సపరివారంగా వచ్చింది. మొత్తం నూట యాభై తొమ్మిది. వెళ్లేలా లేరు."

భవనమంతా పండగ. వాస్తు గురువు మహాయోగమన్నాడు. చైర్మన్ గారు కొళాయిలు కూడా పెట్టించారు.

ఎనభయ్యో అంతస్తు మిసెస్ కో రోజూ పొద్దున్నే అద్దాల లిఫ్టు అక్కడ ఆపించి, వరసగా ఆరేసిన దుప్పట్లకు మూడుసార్లు వంగి దండం పెడుతుంది. మూడో దుప్పటి పాత మేడ మూయీది. మూయీ ఎనిమిదింటికల్లా పైకెళ్లి, మిసెస్ కో ఇల్లు తుడుస్తుంది. నాలుగేళ్లుగా తుడుస్తోంది. ఆమె పేరేమిటో మిసెస్ కో ఇంకా అడగలేదు.