తెరమీద చేపలు లేనిదీ ఒక కంప్యూటరేనా?

కంప్యూటర్ ఎంత ఆలస్యంగా తెరుచుకుంటే అంత భద్రం! ఈ మాట కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే నేరుగా మా ల్యాబుకు రండి. చెప్పులు మాత్రం బయట విడిచి రండి.

నా పేరు పార్థసారథి. యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటుకు హెడ్‌ని, కంప్యూటర్ ల్యాబుకు ఇన్‌ఛార్జిని. నా పేరు మీరు వినే ఉంటారు. మా డిపార్ట్‌మెంటులో పదేళ్లుగా వచ్చిన ఏ థీసిస్ తెరిచినా కృతజ్ఞతల పేజీలో నేను కనిపిస్తాను. ముందు గైడు, వెంటనే హెడ్, తర్వాత తల్లిదండ్రులు, ఆ తర్వాత దేవుడు. ఇదీ వరస. అలా ముప్ఫై ఒక్క థీసిస్‌లలో ఉన్నాను. వాటిలో రెండు చదివాను కూడా.

ఇక అసలు విషయం. మా ల్యాబులో మంచి కంప్యూటర్ ఒక్కటే ఉంది. దాని బాగోగులు చూసేది దానియేలు అనే రీసెర్చ్ స్కాలర్. వారాసిగూడ నుంచి సైకిల్ మీద వస్తాడు. బుద్ధిమంతుడే, కానీ అలంకారమంటే పడదు. ఎక్కడ సంపాదించాడో, రెండు ఫ్లాపీల్లో ఇమిడిపోయే ఉచిత సిస్టమ్ ఒకటి తెచ్చి అందులో వేశాడు. స్విచ్ నొక్కితే నల్లటి తెర, మూలన మిణుకుమంటూ ఒక చిన్న గీత. అంతే! పేరడుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, పని చేసి పెడుతుంది. ఒక బొమ్మ లేదు, ఒక రంగు లేదు.

"ఏందయ్యా ఇది, ఇంత బోసిగా ఉన్నది?" అన్నాను.

"సార్, దీంట్ల ఏమేమున్నదో ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. తక్కువున్నది కాబట్టే చదవగలుగుతం. అవసరం లేనిది తీసేసుడే సెక్యూరిటీ సార్."

విన్నారా? తీసేయడమట, సెక్యూరిటీ అట! సెక్యూరిటీ గురించి నాకు చెబుతాడా? చెప్పులు గుమ్మం బయట పెట్టించింది ఎవరు? కంప్యూటర్‌కు పూలగుడ్డతో ముసుగు కుట్టించింది ఎవరు? దసరాకు దాని ముందు నిమ్మకాయ కోయించింది ఎవరు? ఇన్ని చేసిన చోటికి వైరస్ ఎట్లా వస్తుందండీ?

పైగా ఇన్‌స్పెక్షన్ కమిటీ రాబోతున్నది. పెద్దవాళ్లు వచ్చి నల్లటి తెర చూస్తే కంప్యూటర్ పోయిందనుకోరా? కాబట్టి దానియేలును కూర్చోబెట్టి, ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన పెద్ద సిస్టమ్ ఎక్కించాను. దాన్ని వేసేటప్పుడు ఏమేం కావాలని మెషీనే అడుగుతుంది. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు వచ్చి అడిగితే వద్దనడం మా ఇంటావంటా లేదు. "అన్నీ పెట్టు" అన్నాను.

ఆహా, ఏం పెట్టింది! తెరనిండా నీలి సముద్రం, అందులో పన్నెండు చేపలు. ఆరు దేశాల గడియారాలు. ఈ రోజు చంద్రుడు ఎంత ఉన్నాడో చూపే బొమ్మ. ఒక మూలన రెండు పెద్ద కళ్లు, మౌస్ ఎటు పోతే అటు తిరుగుతాయి. రెప్ప వేయని కాపలా అంటే అది కాదూ? జీతం అక్కర్లేదు, సెలవు అడగదు!

దానియేలు మాత్రం తల పట్టుకున్నాడు. "సార్, వీటితోని నెట్‌వర్క్ దిక్కు పద్నాలుగు తలుపులు తెరుసుకున్నయ్. బయటోళ్లు యాడికెళ్లన్న లోపలికొస్తరు. మనకు కావాల్సింది ఒక్కటే తలుపు." ఇల్లన్నాక తలుపులుండవా? తార్నాకలో మా ఫ్లాటుకే మూడున్నాయి.

ఒప్పుకుంటాను, కొంచెం నెమ్మదించింది. నిండు కుండ తొణకదంటారు. మా కంప్యూటర్ తొణకడమే కాదు, కదలడమూ మానేసింది. స్విచ్ నొక్కాక చేపలు పూర్తిగా రావడానికి నలభై నిమిషాలు. అయితే ఏమిటి? ఆ నలభై నిమిషాల్లో మా స్కాలర్లు టీ తాగారు, పేపరు చదివారు, ఇద్దరికి పెళ్లి కూడా కుదిరింది. నల్లటి తెర ఒక్క పెళ్లయినా కుదిర్చిందా?

ఇక దొంగ సంగతి. ఒకరోజు ఎవడో నిజంగానే నెట్‌వర్క్ మీదుగా లోపలికి వచ్చాడు. వచ్చినవాడు ఏమీ ఎత్తుకుపోలేదు సరికదా, ఒక ఉత్తరం రాసిపెట్టి పోయాడు. "అయ్యా, తలుపులన్నీ తీసే ఉన్నాయి, సంతోషం. కానీ రెండు గంటలు కూర్చున్నా ఒక్క ఫైలు తెరుచుకోలేదు. దయచేసి ఆ చేపల్ని ఆపండి." దొంగ చేత దండం పెట్టించిన సిస్టమ్ ఇంకెక్కడైనా ఉందా? ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను.

ఈ మాటే ఇంట్లో చెబితే మా ఆవిడ ప్రమీల నవ్వింది. మా ముందు గదిలో ఏడు గోడ గడియారాలున్నాయి, అన్నీ పెళ్లి కానుకలే. "ఏడు గడియారాలుండి, టైము కోసం పక్కింటోళ్ల రేడియో వింటున్నం. మీ కంప్యూటరు గూడ గట్లనే అయినట్టున్నది" అన్నది. ఆడవాళ్లకు టెక్నాలజీ ఏం తెలుస్తుందని ఊరుకున్నాను.

అసలు గొడవ కరుణతో వచ్చింది. కరుణ కూడా మా స్కాలరే. తండ్రి సమ్మయ్య ఊళ్లో రెండెకరాల జొన్న చేను పెట్టుకుని ఈ పిల్లను చదివించాడు. జొన్నల మీదే ఆమె థీసిస్. ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి పిలుపొచ్చింది కానీ, థీసిస్ సమర్పించినట్టు కాగితం చూపాలి. ముప్ఫయ్యో తారీకు సాయంత్రం అయిదింటికి గడువు. మిగతా పేజీలన్నీ ప్రింటయ్యాయి. గైడు దిద్దిన చివరి చాప్టరూ, కృతజ్ఞతలతో కలిపి మొదట వచ్చే నాలుగు పేజీలూ మిగిలాయి.

ఆ రోజు పొద్దున పదింటికే వచ్చి స్విచ్ నొక్కింది. పదీ నలభైకి చేపలొచ్చాయి. ఒక పేరా దిద్దింది. కంప్యూటర్ బిగుసుకుపోయింది. మళ్లీ నొక్కింది, మళ్లీ నలభై నిమిషాలు. మధ్యాహ్నం రెండింటికి 'డిస్కు నిండిపోయింది, దాచుకోవడానికి చోటు లేదు' అని తెరమీద పడింది. ఆ పిల్ల చేతి గడియారం చూసుకుంది. ఆరు దేశాల టైమూ చక్కగా కనిపిస్తూనే ఉంది.

దానియేలు నా గదికి పరుగెత్తుకొచ్చాడు. "సార్, గా చేపలూ కండ్లూ తీసేస్తే జాగైతది. పది నిమిషాల పని. తియ్యమంటరా?"

మీరే చెప్పండి, తెల్లవారితే కమిటీ! చేపలు లేకుండా వాళ్ల ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను? "కమిటీ పోయినంక తీద్దాం" అన్నాను. కరుణ గుమ్మం దగ్గరే నిలబడి విన్నది.

అప్పుడు మా అటెండరు బిక్షపతి నోరు తెరిచాడు. "పాత కంప్యూటరు ఉన్నది గద సార్! మంచినీళ్ల డ్రమ్ము కింద ఎత్తుకు పెట్టినం. డ్రమ్ము దించుతె నడుస్తదేమో." దానియేలు ఆ రెండు ఫ్లాపీల సిస్టమ్‌ను మొదట ప్రయోగం చేసింది ఆ డొక్కు మీదేనట. డ్రమ్ము దించారు, దుమ్ము దులిపారు, నిమిషంలో నల్లటి తెర వచ్చింది. చాప్టరును ఫ్లాపీలో తెచ్చి దిద్ది, మొదటి పేజీలు కూడా కొట్టి, మూడున్నరకల్లా ప్రింటు తీశారు. తార్నాకలో బైండింగ్ చేయించి, ఆటోలో తిరిగొచ్చి, అయిదుకు నాలుగు నిమిషాల ముందు అప్పజెప్పారు.

మర్నాడు కమిటీ వచ్చింది. స్విచ్ నొక్కాం. వాళ్లు టీ తాగారు, సమోసాలు తిన్నారు, చేపల్ని చూసి మురిసిపోయారు. గంటన్నర ప్రయత్నించినా ఒక్కరూ లోపలికి వెళ్లలేకపోయారు. 'భద్రతా ఏర్పాట్లు అద్భుతం' అని రాసి సంతకాలు పెట్టారు! ఇంకేం సాక్ష్యం కావాలి మీకు?

కరుణకు ఉద్యోగం వచ్చింది. థీసిస్ కాపీ ఒకటి మా లైబ్రరీకి వస్తే, నా ముప్ఫై రెండోది కదా అని కృతజ్ఞతల పేజీ తీశాను. గైడు ఉన్నాడు. సమ్మయ్య ఉన్నాడు. దానియేలు ఉన్నాడు. నీళ్ల డ్రమ్ము దించిన బిక్షపతి కూడా ఉన్నాడు! గైడు తర్వాత ఉండవలసిన హెడ్ లేడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. లేడు.

ఇదండీ నా బాధ. చేపలదీ కాదు, తలుపులదీ కాదు! స్వీట్లు పంచడానికి వచ్చినప్పుడు నవ్వుతూనే అడిగాను. "కరుణా, ఆ పేజీలో ఏదో మర్చిపోయినట్టున్నవు?"

"మర్చిపోలేదు సార్" అన్నది, ఎంతో వినయంగా. "ఆ రోజు డిస్కుల జాగ లేకుండె గదా సార్. అవసరమున్నయే ఉంచిన."

ఆమె వెళ్లాక ఆ పేజీ మళ్లీ తీశాను. స్కేలు పెట్టి కొలిచాను. కింద అయిదంగుళాలు ఖాళీగానే ఉంది.