అత్త పేరున సంగవి నెత్తురు

సోమవారం పొద్దున ఉన్న పని ఒక్కటే, విరుదునగర్ వెళ్లి సంగవి నెత్తురు ఇచ్చి రావడం. ఇరవై ఒక్కేళ్ల పిల్ల రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గింది. బిందెడు తాగినా దాహం తీరదు, షుగరు మాత్రలు పనిచేయవు. ఏ రకం షుగరో యాంటీబాడీ పరీక్షలో తేలుతుందనీ, అవి ఉంటే ఇక ఇన్సులినేననీ కోవిల్‌పట్టి డాక్టరు చెప్పాడు.

తండ్రి రామచంద్రన్‌కు మాత్రం శుక్రవారం వచ్చే పెళ్లిచూపులవాళ్ల బెంగే పెద్దది. అందుకే పొరుగూరి ల్యాబు. అక్కడా చీటీ మీద ఇంట్లో ఉండే తన అక్క పెరియనాయగి పేరు, ఆవిడ యాభై ఎనిమిదేళ్ల వయసు, ఆవిడ ఫోన్ నంబరు రాయించాడు.

"నాయనా, నెత్తురు నాది కదా?"

"నెత్తురు మీద పేరు రాసుండాదా అమ్మా? పెళ్లికొడుకు ఇంటోళ్లకి తెలిస్తే నీ గతేమి?"

గురువారం ఫలితం నేరుగా అత్త ఫోనుకే వచ్చింది. చదువురాని ఆవిడ మందులషాపులో చదివించుకుంది; యాంటీబాడీలు ఉన్నాయి, ఇక ఇన్సులినే అన్నారు. పోయిన నెల కంటి క్యాంపులో తీసిన నెత్తురనుకుని మంచమెక్కింది. సాయంత్రానికి వీధంతా కమలాపండ్లతో వచ్చి ఏడ్చింది. నాలుక పిడచకట్టుకుపోతున్న సంగవే ఆవిడకు చక్కెరలేని కాఫీ మోసింది.

శుక్రవారం రామచంద్రన్ సంగవిని వెంటబెట్టుకెళ్లి, రిపోర్టులో అక్క పేరు కనపడకుండా బొటనవేలు అడ్డుపెట్టి డాక్టరుకు చూపించాడు.

"వేలు తీయండి. ఈ పెద్దావిణ్ణి తీసుకురండి, చూస్తాను. మీ అమ్మాయి రిపోర్టేదీ?"

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే రామచంద్రన్ ఫోను మోగింది. పెళ్లివాళ్లు.

"మేనత్తకే అట్లాటి రోగమంట. వంశంలో ఉండేది పిల్లకి రాదా? మాకొద్దు సామీ."

ఇక దాచడానికేముంది? సంగవి డాక్టరుకు ఉన్నదంతా చెప్పేసింది. ఆయన వేలికొన గుచ్చి షుగరు చూశాడు, మొహం మాడ్చుకున్నాడు, అక్కడికక్కడే ఇన్సులిన్ ఇచ్చాడు. నాలుగు రోజులు ఊరికే పోగొట్టారని తిట్టి, ఈసారి సొంత పేరుతో పరీక్షకు రాశాడు.

"ఊరంతా తెలిసిపోతాదమ్మా," అని గొణిగాడు తండ్రి.

"తెలియనీ నాయనా. నేను బతికుంటే కదా, వాళ్లు వద్దనేదానికి?"

నిజం తెలిశాక, తనకేమీ లేదని, జబ్బు మేనకోడలిదని అత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది. తన రోగాన్ని పడుచుపిల్ల మీదికి నెడుతోందని వీధి బుగ్గలు నొక్కుకుంది. పెళ్లిభోజనాల్లో ఆవిడ ఆకులో ఇప్పటికీ ఎవరూ లడ్డు వేయరు.