దామోదరం పరుపు దిగని రోజు

"ఈ కుర్చీ ఎత్తుకుపొయ్యేటట్టుంటేనే అంగడికి పోండి. లేదంటే ఈడనే ఉండండి" అంది మంగ, మళ్లీ.

"అంగడికి పొయ్యేది నేను. కుర్చీ గాదు" అన్నాడు దామోదరం, మళ్లీ.

వాకిట్లో చేతులున్న టేకు కుర్చీ ఒకటి, ఆటో కోసం ఎదురుచూసే చుట్టంలా నిలబడి ఉంది. తెల్లారకముందే మంగ దాన్ని వంటింట్లోంచి ఈడ్చుకొచ్చి అక్కడ పెట్టింది. వారంగా ఆ ఇంట్లో నడుస్తున్న వాదన ఆ పొద్దుకు వాకిలి దాకా వచ్చింది.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? మోకాళ్లల్లో గుజ్జు అరిగిపోయింది, నేల మీద కూర్చోవద్దండి, దినామూ తొడలకు వ్యాయామం చెయ్యండి అనిందా లేదా? ఒక్కటన్నా చేసినారా మీరు?"

"మాత్ర మింగినా గదా."

"అది నేను నోట్లో వేస్తే."

మనవరాలు మధుమిత స్కూలు బూట్లు తొడుక్కుంటూ, "తాతా, అవ్వ సొల్ఱదుదాన్ కరెక్టు" అంది.

"తెలుగులో చెప్పు, వింటా."

"అవ్వ చెప్పేదే కరెక్టు. ఇప్పుడు వింటారా?"

"వినను."

దామోదరానికి మోకాళ్ల విషయంలో తనదైన సిద్ధాంతం ఒకటి ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దుప్పట్లు అమ్మినవాడు. వాడిన దుప్పటి అరుగుతుంది, మడిచి పెట్టిన దుప్పటి నిలుస్తుంది. అరిగిన కీలును పట్టుకుని వ్యాయామం చేయమనడం, చిరిగిన దుప్పటిని బండకేసి బాదమన్నట్టే. ఈ మాట డాక్టరమ్మతోనే అన్నాడు కూడా. ఆమె నవ్వి, "మోకాలు దుప్పటి కాదండీ. చుట్టూ ఉండే కండ గట్టిగా ఉంటే బరువు అది మోస్తుంది. కదపకుండా ఉంచితే ఆ కండ కరిగి, బరువంతా కీలు మీదే పడుతుంది" అని చెప్పింది. పాపం, చిన్నపిల్ల, వ్యాపారం తెలియదు అనుకుని వచ్చేశాడు.

నిజానికి ఆయన భయం మోకాళ్ల గురించి కాదు, కుర్చీ గురించి. వాషర్‌మెన్‌పేట్‌లో ఆయనది దుప్పట్లు, తువ్వాళ్ల హోల్‌సేల్ అంగడి. ఆ వీధిలో పాత అంగళ్లన్నింటిలోనూ నేల మీద పరుపు, దాని మీద తెల్లటి దుప్పటి, ముందర చిన్న రాతబల్ల ఉంటాయి. మొదలాళి అన్నవాడు, అంటే అంగడి యజమాని, ఆ పరుపు మీద మఠం వేసుకుని కూర్చోవాలి. ఆయన నాయనకు కాళ్లు మొరాయించిన రోజుల్లో ఎవరో మంచి మనసుతోనే గుమ్మం దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆనాటి నుంచి వచ్చిన ప్రతి బేరగాడూ ఆ పెద్దాయనకు దండం పెట్టేవాడు, ధర మాత్రం లోపల పరుపు మీదున్న దామోదరాన్ని అడిగేవాడు. పోయేదాకా ఆయనను తువ్వాలు ధర అడిగిన మనిషి లేడు. ఇప్పుడు కొడుకు గిరి ప్రేమగా "ఇంటికాడ రెస్టు తీసుకోండి నాయనా" అన్నప్పుడల్లా దామోదరానికి ఆ గుమ్మమూ ఆ కుర్చీ కళ్లకు కట్టేవి.

కాబట్టి ఆటో ఆయనను మాత్రమే ఎక్కించుకుని వెళ్లిపోయింది.

అంగట్లో గుమాస్తా మోహన్‌రాజ్ అప్పటికే సాంబ్రాణి పట్టి ఉంచాడు. దామోదరం చెప్పులు విడిచి, గోడ పట్టుకుని, కళ్లు మూసుకుని పరుపు మీదికి జారాడు. కూర్చోవడం ఎప్పుడూ సమస్య కాదు. సగం దూరం దాటితే మిగిలింది భూమే చూసుకుంటుంది. చిక్కంతా లేవడంలోనే ఉంది. దానికీ ఆయన ఒక ఉపాయం పెట్టుకున్నాడు. పరుపు పక్కన తాతల నాటి ఇనప్పెట్టె ఉంది. దాని ఇత్తడి పిడి పట్టుకుని, ఒక ఊపు ఊగి లేచేవాడు. లేచినప్పుడల్లా పెట్టెను తాకుతాడు, లక్ష్మీదేవి మీద ఎంత భక్తో అని బేరగాళ్లు చెప్పుకునేవారు.

కాసేపటికి పై అరలోని నమూనా తువ్వాలు తీద్దామని, లేవడానికి అలవాటుగా పక్కకు చెయ్యి చాపాడు. చేతికి గాలి తగిలింది. తిరిగి చూస్తే ఇనప్పెట్టె ఉండవలసిన చోట గోడ మీద తెల్లటి చదరం మచ్చ ఉంది.

"మోహన్‌రాజ్, పెట్టె ఏదప్పా?"

"గిరి అన్న నిన్న సాయంత్రం వెనక రూములో పెట్టించినారు మొదలాళీ. కొత్త ర్యాకు వస్తుందంట. మీకు చెప్పలేదా?"

గిరి సరుకు కోసం తెల్లవారుజాము బండికే ఈరోడ్ వెళ్లాడు. దామోదరం ఎడమ చెయ్యి నేలకు ఆనించి చూశాడు. కుడి చెయ్యి రాతబల్లకు ఆనించాడు, బల్ల లేచింది గానీ ఆయన లేవలేదు. మోహన్‌రాజ్‌ను చెయ్యి ఇమ్మనవచ్చు. కానీ మోహన్‌రాజ్‌కు తెలిస్తే టీ అంగడికి తెలిసినట్టే. టీ అంగడికి తెలిస్తే సాయంత్రానికి వీధంతా, రాత్రికి గిరికీ తెలుస్తుంది. రేపటికి గుమ్మంలో కుర్చీ పడుతుంది.

సరే, ఈ పొద్దుకు లేవకుండా ఉంటే పోలేదా అనుకున్నాడు.

అప్పుడే వర్తక సంఘం అధ్యక్షుడు రంగనాథం గుమ్మంలో కనిపించాడు. దామోదరం కన్నా పెద్దవాడు. ఎప్పుడూ తొందరలో ఉంటాడని పేరు, ఏ అంగడికి వెళ్లినా నిలబడే మాట్లాడి వెళ్లిపోతాడు. పెద్దలు గుమ్మం తొక్కితే పరుపు మీదివాడు లేచి నిలబడడం ఆ వీధి మర్యాద.

"రండన్నా, కూర్చోండి" అన్నాడు దామోదరం, కూర్చునే.

రంగనాథం కనుబొమలు పైకి లేచాయి. "నేను కూర్చోను."

"పరవాలేదు, కూర్చోండన్నా."

"నువ్వు లెయ్యవు, నన్ను మాత్రం కూర్చోమంటావు. ఏందప్పా, నా మీద ఏమన్నా కోపమా?"

"మీ మీద కోపమెందుకన్నా?"

"మరి లెయ్యి."

దామోదరం దిక్కులు చూశాడు. ఆ చూపు గుమ్మం దాటి వీధిలోని గుంట మీద పడింది. కేబుల్ వేసే కాంట్రాక్టరు ఎవరో తవ్వి, అట్లాగే వదిలేసి పోయాడు. వానకు నిండి, వచ్చే స్కూటరునల్లా మింగుతోంది. సంఘం ఎన్ని అర్జీలు పెట్టినా కదలిక లేదు.

"ఆ గుంట మూసేదాకా లేవనన్నా" అనేశాడు.

ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆయనకే తెలియలేదు. రంగనాథం కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"రొంబ పెద్ద మాట అనేసినావు తమ్ముడా. మేమంతా అర్జీలు రాస్తా కూర్చున్నాం. నువ్వు నిజంగానే కూర్చున్నావు" అని, ఎప్పటి తొందరతోనే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మోహన్‌రాజ్ క్యారియరు తెచ్చి విప్పబోయాడు. చేతులు కడుక్కోవాలంటే వెనక్కి పోవాలి. నీళ్లు తాగితే మరో పనికి వెనక్కి పోవాలి. ఆ మరో పని గురించి ఆలోచించకూడదని దామోదరం పొద్దుటి నుంచే ఒట్టు పెట్టుకున్నాడు.

"ఈ పొద్దు ఏమీ వద్దు. నీళ్లు కూడా వద్దు."

మోహన్‌రాజ్ అన్నం క్యారియరు మూత చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. "గుంట కోసం సోరు కూడా మానేస్తారా మొదలాళీ?"

దామోదరం అవుననలేదు. కాదని కూడా అనలేదు. అదే పొరపాటయింది.

గంట తిరిగేసరికి అంగడి ముందు షామియానా లేచింది. నిరాహార దీక్ష అని తమిళంలో రాసిన బ్యానరు కట్టారు. దాని మీద షష్టిపూర్తి నాటి దామోదరం, పట్టుపంచెలో, అప్పుడే బూరెలు తిన్న ముఖంతో నవ్వుతున్నాడు. మైకు వచ్చింది. పక్క అంగళ్ల వాళ్లు వచ్చి పరుపు చుట్టూ కూర్చున్నారు. పూలదండలు దొరకక, దామోదరం సరుకులోంచే తువ్వాళ్లు తీసి ఆయన మెడలో వేయసాగారు. మోహన్‌రాజ్ ఒక్కొక్క రకమూ చూసుకుని మరీ అందించాడు.

రంగనాథాన్ని కూడా కూర్చోమని అందరూ బతిమాలారు. "ఒకడు కూర్చుంటే ఒకడు నిలబడాల. కావలి ఎవరుంటారు?" అని ఆయన మైకు కంబం పట్టుకుని నిలబడ్డాడు.

ఇటు దామోదరం మోకాళ్లు కొయ్యబారిపోయాయి. ఒకే తీరుగా ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టరమ్మ చెప్పిన మాట, ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో గానీ, ఇప్పుడు స్పష్టంగా వినబడింది. వేరే గతిలేక రాతబల్ల కింద కాళ్లు మెల్లగా చాపాడు. తొడ కండ బిగించమంది కదా, బిగించాడు. మనసులో అంకెలు లెక్కపెట్టి వదిలాడు. రెండో కాలు. మళ్లీ మొదటిది. కాసేపటికి మోకాళ్లలో దిగిన మేకులు కొంచెం సడలినట్టనిపించి ఆశ్చర్యపోయాడు. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఇంకా శ్రద్ధగా చేశాడు.

"అన్న జపంలో ఉండారు. మైకు తగ్గించండప్పా" అన్నాడొకడు. ఎవరో ముసలామె వచ్చి, చాపిన ఆ కాళ్లకు దండం పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా కాంట్రాక్టరు తరఫున సూపర్‌వైజరు ఆంటో అనే అతను కంకర లారీ, రోలరు వెంటబెట్టుకుని చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. బ్యానరు ఫోటో ఎవరెవరి ఫోన్లు తిరిగి వాళ్ల మొదలాళికి చేరిందట. చూస్తుండగానే గుంట నిండింది, రోలరు తిరిగింది. ఆంటో నిమ్మరసం గ్లాసుతో పరుపు ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"సార్, మూసేసినాం. మీరు లేస్తే నేను ఇంటికి పోతా."

దామోదరం నిమ్మరసం ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. వీధంతా చప్పట్లు కొట్టింది. తర్వాత వీధంతా ఆగి చూసింది. ఆయన లేవలేదు.

"లేవండన్నా. ఇంకేమన్నా కోరిక ఉండాదా?" అన్నాడు ఒకడు. ఆంటో ముఖం పాలిపోయింది.

ఇక చెప్పేయాల్సిందే అనుకున్నాడు దామోదరం. ఇన్ని తువ్వాళ్లు మెడలో వేసుకుని, ఇంతమంది ముందర, మోకాళ్లు రావడం లేదప్పా అని చెప్పాలి. నాయన గుమ్మమే, నాయన కుర్చీయే. నోరు తెరిచాడు.

"జరగండి, జరగండి" అంటూ గుంపులోంచి మంగ వచ్చింది. వెనకాల టేకు కుర్చీని ఆటోడ్రైవరు ఒక పక్క, మధుమిత ఒక పక్క పట్టుకుని మోసుకొస్తున్నారు. కోడలు ప్రీతి ఫోన్లో వీడియో చూపించినప్పుడే మంగ సగం గ్రహించింది. తన మొగుడు గుంట కోసం అన్నం మానేసే మనిషి కాదు. మిగతా సగం ఇక్కడికొచ్చాక, పరుపు పక్కన ఇనప్పెట్టె పోయి మిగిలిన తెల్లటి చదరాన్ని చూడగానే అర్థమైంది. ఇంట్లో ఆయన కిటికీ ఊచలు పట్టుకుని లేవడం ఆమె ఎన్నోసార్లు చూసింది.

ఆమె కుర్చీని పరుపు అంచుకు ఆనించి వేయించి, గుంపు వైపు తిరిగింది.

"దీక్ష విడిచినాయన వట్టి చేతులతో నేల మీద నుంచి లేవకూడదు. కొయ్య పట్టుకుని లేచి, దాని మీద కూర్చోవాల. మా పుట్టింటి ఆచారం."

మంగ పుట్టిల్లు పక్కనే ఉన్న రాయపురం. అక్కడ అట్లాంటి ఆచారం ఏదీ లేదు. కానీ ఆచారం అన్నాక ఎవరు కాదంటారు? దామోదరం కుర్చీ చేతుల మీద బరువు వేశాడు, మంగ వెనక నుంచి నడుము పట్టింది. ఆయన లేచి, తిరిగి, కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్ల మధ్య, నెల్లూరు నుంచి వచ్చిన బేరగాడొకడు ముందుకు వంగి, దామోదరం మెడలోని తువ్వాలు అంచు నలిపి చూశాడు. "ఈ రకం బాగుండాదే. డజను ఎంత పడతాది మొదలాళీ?"

దామోదరం కుర్చీ చేతుల వైపు చూసుకున్నాడు. బేరగాడి వైపు చూశాడు. పరుపు ఖాళీగానే ఉంది, కానీ ఆ మనిషి తననే అడుగుతున్నాడు.

ధర చెప్పాడు. తర్వాత మోహన్‌రాజ్ భుజం పట్టుకుని, పొద్దుటి నుంచి ఆలోచించకూడదనుకున్న పని మీద వెనక్కి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి కుర్చీలో రంగనాథం ఉన్నాడు. వీపు ఆనించి, కళ్లు మూసుకుని, కాళ్లు చాపుకుని ఉన్నాడు. దామోదరం పక్కకు రాగానే ఒక కన్ను తెరిచి, గుసగుసగా చెప్పాడు.

"తమ్ముడా, నేను నేల మీద కూర్చుని ఎన్నేండ్లో అయింది. కూర్చుంటే లెయ్యలేను. అందుకే అందరి దగ్గరా తొందర పని ఉండాదని చెప్తా."

"నేనూ అంతేనన్నా. కూర్చున్నాక లెయ్యలేకపోయినా."

రంగనాథం తెరిచిన కన్ను మూసేసుకున్నాడు. కుర్చీ మాత్రం వదల్లేదు. షామియానా విప్పేసినా వదల్లేదు. చివరకు దామోదరం కుటుంబం కుర్చీ లేకుండానే ఇల్లు చేరింది.

గిరి అప్పటికే ఈరోడ్ నుంచి వచ్చి ఉన్నాడు. బండిలో వీడియో చూసి, నాయన ఇంత త్యాగమూర్తని తెలియదే అని కంగారు పడుతున్నాడు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మంగ మాత్రం వంటగట్టుకు ఆనుకుని, ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటూ వంకాయలు తరుగుతోంది.

"కూర్చుని తరగరాదా?" అన్నాడు దామోదరం.

"దేని మీద? నా కుర్చీ రంగనాథంగారి కింద ఉండాది."

"నీ కుర్చీనా?"

"మరెవరిదనుకున్నారు? ఏడాదిగా దాని మీద కూర్చునే ఈ ఇంట్లో కూరలు తరుగుతా ఉండా. నాకు మాత్రం ఇనప మోకాళ్లా? అదే డాక్టరమ్మ, అదే వ్యాయామం. నేను చేస్తా ఉండా, మీరు చెయ్యలా. నాకంటే మీకే ఎక్కువ అవసరమని వాకిట్లో పెట్టినా."

దామోదరం గిరి వైపు తిరిగాడు. రేపు వాన పడుతుందని చెప్పేవాడిలా మెల్లగా అన్నాడు.

"ఈ పొద్దు నేను దీక్ష చెయ్యలేదు. మోకాళ్లు రాక కూర్చుండిపోయినా. రేపు మూడు కుర్చీలు తెప్పిస్తా. ఒకటి పరుపు మీద, నాకు. ఒకటి ఎదురుగా, వచ్చే పెద్దోళ్లకు. ఒకటి ఈడ. అంగడికి నేనే పోతా. పోకముందు మీ అమ్మతోబాటు తొడలు బిగిస్తా."

గిరి నాయన ముఖమూ అమ్మ ముఖమూ మార్చి మార్చి చూసి, "సరి నాయనా" అన్నాడు. మధుమిత లేచి తన కుర్చీని వంటగట్టు దగ్గరికి జరిపింది. మంగ అందులో కూర్చుని మిగిలిన వంకాయలు తరిగింది.

గుంట ఎటూ మూసేశారు కాబట్టి, రంగనాథంగారిని ఆ టేకు కుర్చీలోంచి లేపడానికి ఇంకేం చెప్పాలో మాత్రం ఎవరికీ తోచలేదు.