ఆస్గర్ కంప్యూటర్‌లో పదకొండు గంటలు

శుక్రవారం పొద్దున ఆస్గర్ చేయాల్సిన పనులివి: చర్చి వెబ్‌సైటును కొత్త సర్వరుకు తరలించడం, అందులో ఐనార్ అంత్యక్రియల వేళను మధ్యాహ్నం రెండు నుంచి ఉదయం పదకొండుకు దిద్దడం, కొత్త చిరునామాను డీఎన్ఎస్‌లో మార్పించడం, అంత్యక్రియలకు వచ్చేవాళ్ల కాఫీలోకి పాలు చెప్పడం.

ఐనార్ జీవితమంతా ఆ చర్చి గంటలు కొట్టాడు. నా అన్నవాళ్లు లేరు. బెంచీలు నిండితే చాలునని పాస్టర్ బిర్గిట్ కోరిక. అంత్యక్రియలు సోమవారం. ఆ మధ్యాహ్నం, పాటలకు ఆర్గాన్ వాద్యం వాయించే ఆయనకు వేరే ఊళ్లో పని ఉండటంతో ఆవిడే వేళ మార్చింది.

సైటు పేరు చెబితే చిరునామా ఏదో లోకానికి చెప్పేది డీఎన్ఎస్. కానీ ప్రతి కంప్యూటర్‌లోనూ హోస్ట్స్ అనే చిన్న ఫైలుంటుంది. అందులో చిరునామా రాస్తే ఆ యంత్రం ఇక లోకాన్ని అడగదు. పరీక్ష కోసం ఆస్గర్ అందులో కొత్త సర్వరు చిరునామాతో ఒక వరుస రాశాడు. తెర మీద పదకొండు కనిపించింది. మనసు కుదుటపడి, డీఎన్ఎస్ సంగతి మరిచి, పాలు చెప్పాడు. లోకానికి మాత్రం ఇంకా పాత సర్వరే, అందులో రెండే.

సాయంత్రం కిర్‌స్టెన్ ముసలమ్మ ఫోను చేసింది. "ఏమబ్బాయ్, పాస్టరమ్మ పదకొండంటోంది, సైటులో రెండుందే?"

"మీ కంప్యూటర్ పాతది పట్టుకు వేలాడుతోంది పెద్దమ్మా. అంతా ఒకసారి ఆపి పెట్టండి."

ఆవిడ అంతా అంటే ఇంటి కరెంటు మెయినే ఆపి, చెల్లెలింటికి వెళ్లొచ్చింది. ఫ్రీజరులో దాచిన బన్నుల మంచు కరిగింది. సైటు మారలేదు.

"ఇంకా రెండే! ఎవరి మాట నమ్మమంటావు?" అని మళ్లీ ఫోను చేసింది.

"మనుషులు పొరబడతారు పెద్దమ్మా. సైటులో ఉన్నదే నిజం," అన్నాడు ఆస్గర్, తన తెర చూసుకుంటూ.

ఆ మాట ఆవిడ ఊరంతా చాటింది.

సోమవారం పదకొండుకు చర్చిలో శవపేటిక, పాస్టరు, ఆర్గాన్ ఆయన, ఆస్గర్. బెంచీలన్నీ ఖాళీ.

"నా దాంట్లో పదకొండే ఉంది, చూడండి!" ఆస్గర్ ల్యాప్‌టాప్ తెరిచాడు.

"నీ దాంట్లో ఉంటే ఊరికేం లాభం నాయనా?" బిర్గిట్ తన ఫోను చూపించింది. రెండు.

ఆర్గాన్ ఆయన గడియారం చూసుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

రెండుకు ఊరు ఊరంతా వచ్చింది. చోటు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఆర్గాన్ లేకుండానే, తలో శ్రుతిలో, గొంతెత్తి పాడారు. ఫ్రీజరులో మంచు కరిగిన బన్నులన్నీ కాల్చి కిర్‌స్టెన్ కాఫీ బల్ల నింపేసింది. బిర్గిట్ కళ్లు తుడుచుకుంది.

"ఈసారికి బతికిపోయావు," అంది ఆస్గర్‌తో.

చదివినవాళ్లు ఐనార్‌ను కాస్త గుర్తుపెట్టుకోండి. ఆ ఊళ్లో, సైటు చూడకుండా పాస్టరమ్మ చెప్పిన వేళకే వచ్చిన విశ్వాసి ఆయనొక్కడే, పేటికలోనే అయినా.